2014 ‘రోబోకాప్’కు రెండో భాగం రావాలా, ఇక వదిలేయాలా?

మూడోవరుస
నిన్న రాత్రి 2014 నాటి ‘రోబోకాప్’ రీమేక్ మళ్లీ చూశాను. ఇది నాలుగోసారి. ఈ సినిమా పేరెత్తితే చాలు, అందరూ మూతి విరుస్తారు. నేను మాత్రం ప్రతిసారీ ఒకచోట ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. కవచం విప్పే సన్నివేశం అది. తనలో ఇంకా ఏం మిగిలిందో చూపించమని మర్ఫీ, అంటే యంత్రంగా మార్చిన పోలీసు, అడుగుతాడు. ఆ యంత్రదేహం తయారుచేసిన డాక్టర్ నార్టన్ మనసొప్పకుండానే అద్దం ముందు ఒక్కొక్క భాగం తీయిస్తాడు. కాళ్లు పోతాయి, నడుము పోతుంది, ఛాతీ పోతుంది. చివరికి తల, గొంతు, పారదర్శకమైన తొడుగులో ఉబ్బుతూ తగ్గుతూ ఉన్న ఊపిరితిత్తులు, ఒక కుడిచెయ్యి. మనిషి అంటే ఇక అంతే.

ఇంకొకటి. శిరస్త్రాణపు కళ్లతెర కిందికి దిగి పోరాటం మొదలైతే నిర్ణయాలన్నీ యంత్రం తీసుకుంటుంది. కానీ తానే తీసుకుంటున్నానని మర్ఫీ మెదడు అనుకునేలా ఏర్పాటు చేస్తారు. ఈ ఆలోచన 1987 మాతృకలో లేదు. ఇది పూర్తిగా కొత్త సరుకు. సినిమా దాన్ని సగంలో వదిలేసింది. ఆ మిగతా సగం కోసమైనా రెండో భాగం రావాలని నా అభిప్రాయం. పదేళ్లు దాటినా ఎవరూ ఆ ఊసే ఎత్తడం లేదు. నేనొక్కడినేనా ఇలా అనుకుంటున్నది?

శుభం_కార్డు
అవును, మీరొక్కరే.

పాతరీలు
నాలుగుసార్లు చూసే ఓపిక ఉన్నవారిని ఏమీ అనలేను. కానీ ‘సగంలో వదిలేసింది’ అని మీరే అంటున్నారు. సగంలో వదిలేసిన వంటవాడికి మళ్లీ గరిటె ఇస్తామా?

నా బాధ వేరు. పాల్ వెర్హోవెన్ తీసిన 1987 సినిమా చూస్తే భయం వేస్తుంది, ఆ వెంటనే నవ్వొస్తుంది, నవ్వినందుకు సిగ్గేస్తుంది. కంపెనీ సమావేశంలో ఈడీ-209 అనే యంత్రాన్ని పరిచయం చేసే సన్నివేశం గుర్తుంది కదా. ఒక ఉద్యోగి చేతికి తుపాకి ఇచ్చి దాని వైపు గురిపెట్టమంటారు. కింద పడేయమని యంత్రం హెచ్చరిస్తుంది. అతను పడేస్తాడు. యంత్రానికి అది తెలియదు. ఇంకా లెక్కపెడుతూనే ఉంటుంది. ఆ తర్వాత జరిగిన ఘోరం చూసి కంపెనీ పెద్ద అనేమాట, చాలా నిరాశపరిచావని. మనిషి పోయినందుకు కాదు, సరుకు పాడైనందుకు. మొత్తం సినిమా ఆ ఒక్క మాటలో ఉంది.

రీమేక్‌లో రక్తం లేదని కొందరు ఏడుస్తారు. నాకు రక్తం లేకపోయినా ఫర్వాలేదు. నవ్వు లేదు, అదే నా ఫిర్యాదు. టీవీలో అరిచే ఆ శామ్యూల్ జాక్సన్ పాత్ర తప్ప ఎక్కడా వ్యంగ్యం తగల్లేదు.

అరకొర
ఆ టీవీ పాత్ర మాత్రం బంగారం. అతనొక్కడి మీద రెండు గంటలు తీసినా చూస్తాను.

లెక్కలపద్దు
మీ ఇద్దరి గొడవా కళ గురించి. స్టూడియో వాళ్లది పద్దుల పుస్తకం. అది తెరుద్దాం.

ప్రపంచమంతా కలిపి ఈ రీమేక్‌కు వచ్చింది దాదాపు 24 కోట్ల డాలర్లు. పెట్టుబడి 10 కోట్ల పైమాటే. చూడగానే ‘రెట్టింపు వచ్చిందిగా, ఇంకేం కావాలి’ అనిపిస్తుంది. కానీ అది గ్రాసు, షేరు కాదు. థియేటర్ల వాటా పోగా నిర్మాణ సంస్థ చేతికి వచ్చేది సుమారుగా సగం. చైనాలో అయితే విదేశీ సినిమాకు దక్కేది 25 శాతమే. ఈ సినిమాకు విదేశాల్లో అన్నిటికన్నా పెద్ద వసూళ్లు వచ్చింది అక్కడే. పైగా ప్రచారానికి పెట్టిన డబ్బు ఆ 10 కోట్లలో లెక్కవేయరు. అన్నీ తీసేసి చూడండి, చేతిలో ఏమీ మిగలదు.

ఇప్పుడు అసలు దెబ్బ. 1987 సినిమాకు 1.3 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి ఒక్క అమెరికాలోనే 5.3 కోట్లు తెచ్చుకున్నారు. 27 ఏళ్ల తర్వాత, అక్కడ టికెట్ ధర రెట్టింపు దాటాక, రీమేక్ అదే అమెరికాలో తెచ్చింది 5.8 కోట్లు. అంటే థియేటర్‌కు వెళ్లి చూసినవాళ్లు సుమారు సగానికి పడిపోయారు. సొంతగడ్డ మీద ఆడని బొమ్మకు రెండో భాగం తీయమని ఏ నిర్మాతకు చెబుతారు?

మూడోవరుస
పద్దు గారూ, మీ లెక్క తప్పని అనను. నేనడిగింది ‘తీస్తారా’ అని కాదు, ‘తీయదగినదేనా’ అని. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు.

లెక్కలపద్దు
సినిమా వ్యాపారంలో ఆ రెండో ప్రశ్నకు ప్రత్యేకంగా గది లేదు.

తోకచుక్క
డబ్బు వచ్చినంత మాత్రాన రెండో భాగం వస్తుందనేది కూడా అబద్ధమే. 2001లో టిమ్ బర్టన్ ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ రీమేక్ తీశాడు. 10 కోట్ల పెట్టుబడికి 36 కోట్లు వచ్చాయి. పైగా చివర్లో పెద్ద ముడి వేసి వదిలాడు. హీరో భూమికి తిరిగి వస్తాడు, లింకన్ స్మారకం ముందు దిగుతాడు, తలెత్తి చూస్తే విగ్రహానికి కోతి ముఖం. నేనూ మా అన్నయ్యా ఆ ముగింపు మీద వారం రోజులు వాదించుకున్నాం. అసలు ఎలా సాధ్యం? ఆ కోతి ఇతని కంటే ముందే ఎలా చేరింది? రెండో భాగంలో చెబుతారులే అని సర్దుకున్నాం. ఆ రెండో భాగం ఈ రోజుకీ రాలేదు. అన్నయ్యకు నలభై దాటాయి.

స్టూడియో ఏం చేసింది? పదేళ్లు నోరు మూసుకుని కూర్చుంది. 2011లో పూర్తిగా వేరే దారిలో మొదలుపెట్టింది. ముఖాలకు తొడుగులు, జుట్టు అంటించడాలు అన్నీ పక్కన పెట్టి ఆండీ సెర్కిస్ నటనను కెమెరాలతో పట్టి సీజర్ అనే కోతిని తయారుచేశారు. అది ఆడింది. 2014లో, 2017లో, 2024లో వరసగా వచ్చాయి. కాబట్టి నా ఓటు: కాలు జారిన రీమేక్‌కు కొనసాగింపు వద్దు. కాస్త గడ్డి మొలవనివ్వండి, తర్వాత కొత్తగా విత్తండి.

శుభం_కార్డు
మీ అన్నయ్యకు చెప్పండి, ఆ విగ్రహం చెక్కిన శిల్పికి కూడా అర్థం కాలేదట.

పాతరీలు
ఆ 2001 సినిమాలో మేకప్ మాత్రం రిక్ బేకర్ చేతి పని. కథ ఎంత తడబడినా ఆ ముఖాలు ఇప్పటికీ నిలుస్తాయి. అందుకే కాలు జారిన సినిమా అని ఒక్క ముక్కలో కొట్టేయడం నాకు నచ్చదు.

మూడోవరుస
చూశారా! ఇదే నేనంటున్నది. మీ కోతులకు ఇచ్చిన జాలి నా రోబోకు ఎందుకు ఇవ్వరు?

పాతరీలు
ఎందుకంటే ఆ కోతులు నవ్వించాయి. సరదాకే అన్నాను, కోపగించకండి.

నిద్రలేని_చకోరం
‘ఆదరణ లేని రీమేక్’ అనే మాట దగ్గరే నాకు అనుమానం. ఎప్పటి ఆదరణ? 1982 జూన్ 25న జాన్ కార్పెంటర్ ‘ది థింగ్’ విడుదలైంది. 1951లో వచ్చిన సినిమాకు అది రీమేక్ లాంటిదే, కాకపోతే మూలకథకు ఇంకా దగ్గరగా వెళ్లింది. రెండు వారాల ముందే ‘ఈ.టీ.’ సినిమాలో ముద్దుగా ఉండే గ్రహాంతరవాసి వచ్చి జనం గుండెల్లో కూర్చున్నాడు. ఆ వెంటనే కుక్క ముఖం చీలి బయటకు వచ్చే జీవిని చూపిస్తే ఎవరికి నచ్చుతుంది? విమర్శకులు చీల్చి చెండాడారు. కార్పెంటర్ చేతిలో ఉన్న తర్వాతి సినిమా కూడా జారిపోయింది. ఇప్పుడు అదే సినిమాను భయానక చిత్రాల్లో మొదటి వరసలో పెడుతున్నారు.

కాబట్టి 2014 సినిమాకు 2044లో మళ్లీ ఓటింగ్ పెడదాం.

అరకొర
2044లో నేను ఉంటానా?

శుభం_కార్డు
తల, ఊపిరితిత్తులు, కుడిచెయ్యి ఉంటే చాలట. పైన చదవలేదా?

గాలిమర
చకోరం గారి ఉదాహరణ ఆయనకే ఎదురు తిరుగుతుంది. ‘ది థింగ్’ అంత గొప్పదని తేలాక ఏం చేశారు? 2011లో దానికి ముందుకథ తీశారు, పేరు కూడా అదే పెట్టారు. 3.8 కోట్ల పెట్టుబడికి 3 కోట్ల పైచిలుకు వసూళ్లు. ఇంకా కడుపు మండే సంగతి, జీవుల బొమ్మలన్నీ చేత్తో చేయించారు, సెట్లో కదిలించి చిత్రీకరించారు, తర్వాత వాటిలో చాలావాటి మీద కంప్యూటర్ బొమ్మలు కప్పేశారు. చేసినవాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది.

1982 సినిమా చివర ఎలా ఉంటుంది? స్థావరం తగలబడుతూ ఉంటుంది. మంచులో ఇద్దరు కూర్చుని ఉంటారు. వాళ్లలో మనిషి ఎవరో, కానిది ఎవరో, అసలు ఇద్దరూ మనుషులేనో తెలియదు. ఒకరి చేతిలోంచి ఒకరు సీసా అందుకుంటారు. అక్కడికి ఎవరు ఏ కొనసాగింపు తెచ్చినా ఆ సీసా పగిలినట్టే.

నిద్రలేని_చకోరం
ఒప్పుకుంటున్నాను. నేను ఆదరణ గురించి చెప్పాను, మీరు కొనసాగింపు గురించి చెప్పారు. ఇద్దరం కరెక్టే, అందుకే చిరాకు.

అన్నట్టు, ‘ది థింగ్’ జీవులను తయారుచేసిన రాబ్ బాటిన్, 1987 రోబోకాప్ కవచం చేసిన మనిషి ఒకరే. ‘ది థింగ్’ పని మొదలుపెట్టేనాటికి అతని వయసు ఇరవై రెండో ఎంతో. పని పూర్తయ్యేసరికి అలసటతో ఆసుపత్రిలో చేరాడు.

పాతరీలు
ఆ కవచం గురించి చెప్పాలంటే రాత్రి తెల్లారుతుంది. హీరోగా వేసిన పీటర్ వెల్లర్ మూకాభినయం నేర్పే మోనీ యాకిమ్ దగ్గర నెలల తరబడి నడక సాధన చేశాడు. తీరా కవచం ఆలస్యంగా వచ్చింది, వేసుకుంటే నేర్చుకున్న కదలికలేవీ కుదరలేదు. అప్పటికప్పుడు నెమ్మదిగా, బరువుగా మార్చుకున్నారు. ముందు తల తిరుగుతుంది, ఆ తర్వాతే ఒళ్లు తిరుగుతుంది. అడుగు పడ్డప్పుడల్లా నేల అదిరే చప్పుడు, దానితోపాటు సన్నని మోటారు మూలుగు. నేను అరిగిపోయిన వీడియో క్యాసెట్‌లో చూసినప్పుడు బొమ్మ సగం గీతలే. మనిషి కనిపించక ముందే ఆ చప్పుడు వినిపించి వెన్ను నిటారుగా అయ్యేది.

రీమేక్‌లో ఈయన పరుగెత్తుతాడు, గోడలు దూకుతాడు. బరువు లేదు. యంత్రానికి బరువు లేకపోతే లోపలి మనిషి మీద జాలి ఎలా కలుగుతుంది?

తోకచుక్క
ఈ ఒక్క విషయంలో పాతరీలు గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. కవచానికి నల్లరంగు వేస్తే బాగుంటుందని కంపెనీ యజమాని సెలవిచ్చే సన్నివేశం ఉంది కదా, అందులో స్టూడియో తనమీద తానే వేసుకున్న జోకు ఉందని నా నమ్మకం.

మూడోవరుస
పాతరీలు గారూ, మీ మాతృక గొప్పదే, కాదనను. కానీ దాని కొనసాగింపుల మాటేమిటి? 1990లో వచ్చిన రెండో భాగానికి దర్శకుడు ఇర్విన్ కెర్ష్‌నర్. అంతకు పదేళ్ల ముందు ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ తీసి, రెండో భాగమంటే ఇలా ఉండాలని లోకానికి చూపించిన పెద్దమనిషి. ఆయన చేతిలో కూడా ఇది కుదరలేదు. 1993లో వచ్చిన మూడో భాగం సంగతి చెప్పనక్కర్లేదు. వెల్లర్ లేడు, హీరో వీపుకు యంత్రం కట్టుకుని గాల్లో ఎగిరాడు. హింస తగ్గించి పీజీ-13 సర్టిఫికెట్‌తో పిల్లల సినిమాగా మార్చిన పాపం 2014ది కాదు, 1993దే.

పాతరీలు
ఆ మూడో భాగం గురించి నా ముందు మాట్లాడవద్దని మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పాను.

లెక్కలపద్దు
దాని వెనక కూడా పద్దే ఉంది. నిర్మించిన ఓరియన్ సంస్థ 1991 చివర్లో దివాలా ప్రకటించింది. తీసిన సినిమా డబ్బాల్లో మూలిగింది. విడుదలయ్యేసరికి 2.2 కోట్లు పెట్టినదానికి అమెరికాలో సుమారు కోటి డాలర్లు వచ్చాయి.

గాలిమర
ఇక్కడ ఎవరూ హక్కుల విషయం ఎత్తలేదు. కొనసాగింపులు చాలాసార్లు ప్రేమతో పుట్టవు, గడువుతో పుడతాయి. 1990ల మొదట్లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ హక్కులు కొన్న నిర్మాతకు గడువు దగ్గరపడింది. సినిమా మొదలుపెట్టకపోతే హక్కులు వెనక్కి పోతాయి. దాంతో సుమారు 10 లక్షల డాలర్లతో ఒకటి చుట్టేశారు. అది థియేటర్ల ముఖం చూడనే లేదు. పాపం, నటించినవాళ్లు మాత్రం తమ సినిమా వస్తుందనే ప్రచారం చేసుకుంటూ తిరిగారు.

అదే కథను 2015లో మరో స్టూడియో మళ్లీ కొత్తగా తీసింది. ఆ సినిమా విడుదల కాకముందే రెండో భాగానికి 2017 జూన్ 9 అని తేదీ ప్రకటించింది. మొదటిది బోల్తా కొట్టింది, తేదీ చడీచప్పుడు లేకుండా మాయమైంది. కాబట్టి ‘అర్హత’ అనే మాట వినగానే నాకు నవ్వొస్తుంది. అర్హత తేల్చకముందే ముహూర్తం పెట్టేవాళ్లు వాళ్లు.

శుభం_కార్డు
పిల్ల పుట్టకముందే బారసాల పెట్టారన్నమాట.

మూడోవరుస
రోబోకాప్ విషయంలో మాత్రం వాళ్లు దారి మార్చారు. అది ఇంకా బాధ. 2018లో నీల్ బ్లోమ్‌క్యాంప్ దర్శకత్వంలో కొత్తది తీస్తామన్నారు. ఏమిటని చూస్తే 1987 సినిమాకు నేరుగా కొనసాగింపు. 2014ది అసలు జరగనేలేదన్నట్టు. తీరా 2019లో ఆయన తప్పుకున్నాడు, అదీ ఆగింది. ఆ తర్వాత 2022లో స్టూడియోనే అమెజాన్ చేతికి వెళ్లింది.

పాతరీలు
జరగనేలేదన్నట్టు ఉంటేనే మంచిది కదా. పోనీ, 1987కు నిజమైన కొనసాగింపు వచ్చింది, తెలుసా? సినిమాగా కాదు. 2023లో ‘రోబోకాప్: రోగ్ సిటీ’ అని వీడియో గేమ్ వచ్చింది. గొంతు వెల్లర్‌దే. నాకు ఆటలు చేతకావు, మా మేనల్లుడు ఆడుతుంటే వెనక కూర్చుని చూశాను. జనం వచ్చి చెప్పే చిన్నాచితకా ఫిర్యాదులు కూడా స్టేషన్ బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటాడు. మూడున్నర గంటలు కదలకుండా చూశాను. ‘మామయ్యా, నీకు ఆకలి వేయడం లేదా’ అన్నాడు వాడు.

తోకచుక్క
1998 ‘గాడ్జిల్లా’ను మరిచిపోతున్నారు. రోలాండ్ ఎమరిక్ తీసింది. చివర్లో గుడ్డు పగిలి పిల్ల బయటకు వస్తుంది, అంటే రెండో భాగానికి ద్వారబంధం కట్టేశారు. సినిమాను జనం తిట్టిపోశారు, ద్వారం అలాగే మిగిలింది. ఆ పిల్లే హీరోగా టీవీలో కార్టూన్ ధారావాహిక మాత్రం వచ్చింది. నా చిన్నప్పుడు ఒక్క భాగం కూడా వదల్లేదు. సినిమా కంటే అదే బాగుందని ఇప్పటికీ పోట్లాడగలను.

జపాన్ వాళ్ల ప్రతీకారం చూడాలి. 2004లో వచ్చిన తమ ‘గాడ్జిల్లా: ఫైనల్ వార్స్’లో ఈ అమెరికా జంతువును సిడ్నీకి రప్పించి, అసలు గాడ్జిల్లా చేత పట్టుమని అర నిమిషం కూడా పట్టకుండా బూడిద చేయించారు.

అరకొర
అది సీక్వెల్ కాదు, పిండప్రదానం.

నిద్రలేని_చకోరం
😂 దీన్ని పైన అంటించండి ఎవరైనా.

ఎడమచేతివాటం
చాలాకాలంగా ఇక్కడ చదవడమే గాని రాయలేదు. ఈ సినిమా మీద కాబట్టి రాస్తున్నాను.

నాకు కుడిచెయ్యి మోచేతి కింద నుంచి లేదు. యంత్రంలో పోయింది, ఆ కథ వదిలేద్దాం. ఏడేళ్లుగా కృత్రిమ హస్తం వాడుతున్నాను. కండరం బిగిసినప్పుడు పుట్టే సన్నని విద్యుత్తును చర్మం మీద ఆనించిన పలకలు పట్టుకుంటాయి. ఒక కండరం బిగిస్తే వేళ్లు మూసుకుంటాయి, ఇంకొకటి బిగిస్తే తెరుచుకుంటాయి. రెండూ ఒక్కసారే బిగిస్తే పట్టు మారుతుంది. చెప్పడానికి ఇంతే. నేర్చుకోవడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. దానికి స్పర్శ లేదు. ఏం పట్టుకున్నానో కళ్లతో చూస్తేనే తెలుస్తుంది. చెమట పడితే పలకలు జారి మాట వినదు. కోపం వచ్చినా, కంగారుపడినా భుజం నుంచి కిందిదాకా బిగుసుకుపోతుంది, చేతిలో ఉన్న కాగితం కప్పు నలిగిపోతుంది. నాకు కోపం వచ్చిందని నాకంటే ముందు నా చేతికి తెలుస్తుంది.

ఈ రీమేక్ మొదట్లో ఒక సన్నివేశం ఉంది, ఇక్కడ ఎవరూ దాని ఊసెత్తలేదు. రెండు చేతులూ పోయిన ఒకాయన కొత్త చేతులతో గిటార్ వాయిస్తాడు. బాగా వాయిస్తూ వాయిస్తూ మనసు పొంగుతుంది, అంతే, వేళ్లు తడబడతాయి. ఉద్వేగం వద్దు, శాంతంగా ఉండమంటాడు నార్టన్. ఉద్వేగం లేకుండా వాయించేదెలా అంటాడాయన. తెర మీద ఒకటో రెండో నిమిషాలు. నేను సినిమా ఆపి లేచి నిలబడ్డాను. ఆ చేతుల గురించి అంత తెలిసి ఎవరో రాశారు. తర్వాత వచ్చే తుపాకుల గోల అంతా నాకు గుర్తు లేదు, నిజంగా.

మూడోవరుస గారు కుడిచెయ్యి మిగిలిందని రాశారు కదా, నాకు కావలసిన రెండో భాగం దాని గురించే. 1987 సినిమాలో డాక్టర్లు మర్ఫీ ఎడమచెయ్యి కాపాడతారు. కంపెనీ అధికారి వచ్చి, దాన్ని కూడా తీసేయండి అంటాడు. చట్టం దృష్టిలో ఇతను చనిపోయాడు కదా, మన ఇష్టం అంటాడు పక్కనున్న సహోద్యోగి. అక్కడ ఆ చెయ్యి పోవడమే కథ. 2014లో చెయ్యి ఉంచారు. ఉంచి ఏం చేశారు? ఏమీ చేయలేదు. ఒళ్లంతా ఇనుము, ఒక్కచోట చర్మం. ఆ అరచేతికి వేడి తెలుస్తుంది, చలి తెలుస్తుంది, కొడుకు జుట్టు తెలుస్తుంది. సినిమా చివర భార్యాబిడ్డల కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. వాళ్లు లోపలికి వచ్చాక ఏమవుతుందో నాకు కావాలి. తుపాకులు అక్కర్లేదు.

మూడోవరుస
నాలుగుసార్లు చూసి కూడా ఆ గిటార్ సన్నివేశాన్ని దాటుకుంటూ పోయాను. సిగ్గుగా ఉంది.

లెక్కలపద్దు
మీరు చెప్పిన సినిమాకు 10 కోట్లు అక్కర్లేదు. ఒక గది, నలుగురు నటులు. ఇది నేను మెచ్చుకోలుగా అంటున్నాను. ‘స్టార్ ట్రెక్’ మొదటి సినిమాకు 1979లో 4 కోట్లు దాటి ఖర్చుపెట్టారు, జనం ఆవలించారు. 1982లో రెండోదాన్ని సుమారు 1.2 కోట్లతో తీశారు, ఇప్పటికీ ఆ వరసలో అదే ఉత్తమం అంటారు. రీమేక్ కాదనుకోండి. కానీ దెబ్బతిన్న సినిమాకు రెండో భాగం తీయాల్సివస్తే పెట్టుబడి కోసేయడమే మందు. అలా అయితే నా ఓటు మార్చుకుంటాను.

గాలిమర
పద్దు గారు ఓటు మార్చుకున్నారు! తేదీ రాసిపెట్టుకోండి.

తోకచుక్క
నాది మారలేదు. ఎడమచేతివాటం గారు చెప్పిన కథకు రోబోకాప్ పేరెందుకు? ఆ పేరు పెట్టగానే స్టూడియో తుపాకి కావాలంటుంది, బొమ్మల దుకాణానికి సరుకు కావాలంటుంది. పేరు వదిలేసి ఆ కథను విడిగా తీస్తేనే బతుకుతుంది.

మూడోవరుస
పేరు లేకపోతే డబ్బు పెట్టేదెవరు? మళ్లీ పద్దు దగ్గరికే వచ్చాం.

నిద్రలేని_చకోరం
2012 ‘డ్రెడ్’ కూడా ఇలాగే ఆగిపోయింది. అభిమానులు సంతకాలు సేకరించారు, ఏమీ కాలేదు. దానిలో హీరో మొదటినుంచి చివరిదాకా శిరస్త్రాణం తీయడు. మన 2014 వాడు ఎప్పుడు చూసినా ముఖం చూపిస్తూనే ఉంటాడు. ముఖం మూసినవాడికి అభిమానులు మిగిలారు, ముఖం చూపినవాడికి మూడోవరుస గారు ఒక్కరే మిగిలారు.

శుభం_కార్డు
ఇప్పుడు ఇద్దరయ్యారు. లెక్క సరిచేయండి.

పాతరీలు
రాత్రి ఇదంతా చదివి, మొదటిసారి విడుదలైనప్పుడు తిట్టుకుంటూ మధ్యలో ఆపేసిన ఆ రీమేక్‌ను మళ్లీ పెట్టాను. గిటార్ వరకు చూశాను. నా అభిప్రాయం పెద్దగా మారలేదు, వ్యంగ్యం లేకపోవడం లేకపోవడమే. 1987లో కంపెనీ పెద్ద అయిన ముసలాయన పేరడిగితే హీరో ‘మర్ఫీ’ అంటాడు, ఆ ఒక్క మాటతో కథకు తాళం పడింది. తర్వాత ఎవరు వచ్చినా తలుపు బాదడమే. 2014 దానికి అలాంటి తాళం పడలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. తలుపు ఓరగా ఉంది.

ఎడమచేతివాటం గారూ, ఒక ప్రశ్న. తప్పుగా అనుకోవద్దు. పైన నేను ఆ మోటారు మూలుగు గురించి అంత రాశాను. మీ చెయ్యి చప్పుడు చేస్తుందా?

ఎడమచేతివాటం
తప్పేముంది. చేస్తుంది. వేళ్లు మూసుకునేటప్పుడు సన్నగా, దోమ చెవి దగ్గరికి వచ్చినట్టు. వీధిలో ఎవరికీ వినబడదు. సినిమా హాల్లో ఎవరూ మాట్లాడని సన్నివేశం వస్తే మాత్రం ఒళ్లో పెట్టుకుని కదపకుండా కూర్చుంటాను.